మావయ్య బూరల తుపాకీ, నా అతి తెలివి

మాది అమరావతి అనగానే ఆఫీసులో అందరూ రాజధాని సంగతులు అడుగుతారు. ఆ అమరావతి కాదు బాబూ, అసలు అమరావతి అని చెప్పుకోవాల్సి వస్తుంది. కృష్ణ ఒడ్డున అమరేశ్వరుడి గుడి ఉన్న ఊరు. గుంటూరు నుంచి ముప్పై చిల్లర కిలోమీటర్లు. శివరాత్రికి ఆ గుడి దగ్గర ఇసకేస్తే రాలని జనం. ఆ జనంలో మా మావయ్య బూరల కొట్టు ఎక్కడుంటుందో నేను కళ్ళు మూసుకుని చెప్పగలను. చెరుకు రసం బండి దాటాక, గాజుల కొట్లకి ఎదురుగా.

బూరల కొట్టు మీరూ చూసే ఉంటారు. ఒక చెక్క బోర్డు, దానికి వరసగా రంగురంగుల బూరలు, కాస్త దూరంలో బల్ల, బల్ల మీద గాలి తుపాకీ. ఇన్ని రూపాయలకి ఇన్ని గుళ్ళు. కొట్టు పెట్టింది మా తాత. ఆయన తర్వాత మావయ్య. తిరునాళ్ళ రోజుల్లో కొట్టు, మిగతా రోజుల్లో గుంటూరు మిర్చి యార్డులో పని. ఆ తుపాకీతో మావయ్య ఏనాడూ పిట్టని కొట్టలేదు, ఎవర్నీ కొట్టనివ్వలేదు. 2012లో లండన్ ఒలింపిక్స్‌లో, హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచినప్పుడు నేను ఇంటర్ మొదటి సంవత్సరం. ఆ ఏడాది తిరునాళ్ళ సీజన్ మొత్తం మావయ్య, "చూడండబ్బాయ్, ఇదీ అదీ ఒకటే ఆట" అని బేరాలు లాగాడు. ఒకటే ఆట ఏం కాదు. ఒలింపిక్ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క అడ్డం కొలత అర మిల్లీమీటరు. మావయ్య బూర జానెడు ఉంటుంది. అయినా ఎవరూ వాదించలేదు.

ఇక అసలు కథ. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడింది. నేను ల్యాప్‌టాప్ పట్టుకుని ఇంటికొచ్చేశాను. తిరునాళ్ళు ఆగిపోయాయి, యార్డు కూడా కొన్నాళ్ళు మూతపడింది. తుపాకీని గోనెసంచిలో చుట్టి మావయ్య అటక మీద పెట్టాడు. ఆ వానాకాలం అటక కారింది. 2021 జనవరిలో, సంక్రాంతి అయ్యాక, శివరాత్రికి సిద్ధం చేద్దామని కిందికి దించితే గొట్టం లోపలంతా తుప్పు. కిరసనాయిలు పోసి, ఇనప పీచు చుట్టిన పుల్లతో మావయ్య రెండు రోజులు రుద్దాడు. తుప్పు పోయింది. దాంతోపాటు గొట్టం లోపలి ఇనుమూ కాస్త పోయింది.

"ఒరే అల్లుడూ, గుండు పెడితే ఇటునుంచి అటు జారిపోతందిరా" అన్నాడు.

నేను చదివింది మెకానికల్, చేసేది సాఫ్ట్‌వేర్. మనలో చాలామంది కథ ఇదే. నాలుగేళ్ళు చదివిన చదువుని ఒక్కసారైనా వాడలేదన్న బాధ లోపల ఎక్కడో ఉంటుంది. మావయ్య ఆ మాట అనగానే ఆ బాధకి మందు దొరికినట్టయింది.

గాలి తుపాకీ లోపల బాంబులేం ఉండవు. గొట్టాన్ని వంచినప్పుడు ఒక బలమైన స్ప్రింగ్ వెనక్కి నొక్కుకుంటుంది. మీట నొక్కగానే ఆ స్ప్రింగ్ ఒక పిస్టన్‌ని ముందుకు తోస్తుంది, ముందున్న గాలి ఒక్కసారిగా కుదించుకుపోయి గుండుని నెడుతుంది. సైకిల్ పంపు లాంటిదే అనుకోండి. గుండు గొట్టానికి బిగుతుగా ఉంటేనే ఇదంతా పనిచేస్తుంది. వదులుగా ఉంటే గాలి పక్కల్నుంచి తప్పించుకుపోతుంది. గుండు మెల్లగా వెళ్తుంది, పిస్టనేమో అడ్డం లేక వెళ్ళి గోడకి గుద్దుకుంటుంది. అలా నాలుగు రోజులు పేలిస్తే స్ప్రింగ్ కూడా పోతుంది. కొట్లో అమ్మే గుళ్ళకి వెనక పావడాలాంటి పల్చటి అంచు ఉంటుంది. గాలి తగలగానే అది విచ్చుకుని సందు మూస్తుంది. మావయ్య వాడేవి అవి కాదు. ఇంట్లో పోసుకున్న గుండ్రటి గుళ్ళు. వాటికి విచ్చుకునేదేమీ లేదు. కొలత సరిపోవాలి, అంతే.

అవును, ఇంట్లోనే పోసుకునేవాళ్ళు. తాత ఎప్పుడో గుంటూరులో ఒక లేతు మిషన్ ఆయనతో ఇత్తడి అచ్చు చేయించాడు. పుస్తకంలా తెరుచుకునే రెండు దిమ్మెలు, మూస్తే మధ్యలో గుండ్రటి ఖాళీ, పైన సీసం పోయడానికి చిన్న కన్నం. బోర్డు వెనక రేకు తొట్టిలో పడిన నలిగిన సీసాన్ని ఏరి, కరిగించి, మళ్ళీ గుళ్ళు పోసేవాడు. ఒకే సీసం ఎన్ని శివరాత్రులు తిరిగిందో.

పని మొదలెట్టాను. ఆన్‌లైన్‌లో డిజిటల్ వెర్నియర్ తెప్పించాను. మెత్తటి సీసం ముక్కని గొట్టంలోంచి పుల్లతో తోసి, అవతల బయటికొచ్చాక కొలిచాను. 4.62 మిల్లీమీటర్లు. అచ్చులోంచి వచ్చే గుండు 4.50. తేడా 0.12. పల్చటి కాగితం మందం. అచ్చుని 0.12 పెద్దది చేస్తే చాలు, కొత్త తుపాకీ అక్కర్లేదు.

నిజానికి కొత్త తుపాకీ నేను కొనివ్వగలను. ఆ మాట అన్నాను కూడా. "మేనల్లుడి దగ్గర డబ్బు తీసుకునే రోజు రాలేదులేరా" అన్నాడు. అచ్చు బాగుచేసిపెడితే మాత్రం అది డబ్బు కాదు, చదువు. అది తీసుకోడానికి ఆయనకీ ఇబ్బంది లేదు, ఇవ్వడానికి నాకూ గర్వంగానే ఉంది.

మొదట తేలికదారి చూశాను. రెండు దిమ్మెల మధ్య సన్నటి అల్యూమినియం టేపు అంటిస్తే అవి పూర్తిగా మూసుకోవు, గుండు ఆ మేరకు పెద్దదవుతుంది. నచ్చకపోతే టేపు పీకేయొచ్చు. కానీ గుండు ఒకవైపే పెరిగి కోడిగుడ్డులా వచ్చింది. చుట్టూ రేకు కూడా కట్టింది. రెండో దారి సానబట్టడం. ఒక మర చుట్టూ సీసం పోసి గుండు తయారుచేసి, దానికి బండ్ల మెకానిక్కులు వాడే వాల్వ్ గ్రైండింగ్ పేస్ట్ పూసి, అచ్చులో పెట్టి మూసి తిప్పాలి. పేస్టులోని గరుకు అచ్చు గోడల్ని సమంగా అరగదీస్తుంది. పేస్టు రెండు రకాలు, గరుకుది, మెత్తటిది. మెత్తటిది పూసి, చేత్తో మెల్లగా తిప్పుతూ, పది చుట్లకోసారి కొత్త గుండు పోసి కొలుచుకుంటూ వెళ్ళాలి.

నేను గరుకుది పూశాను. చేత్తో కాదు, డ్రిల్లు మిషన్‌తో తిప్పాను. ఎందుకంటే పదకొండింటికి నాకు స్టాండప్ కాల్ ఉంది.

కాల్ అయ్యాక గుండు పోసి కొలిస్తే 4.85.

గొట్టంలో సగం కూడా దూరలేదు. వెర్నియర్ మీద ఆ అంకె చూస్తుంటే చెయ్యి అలవాటుగా కంట్రోల్ జెడ్ వెతుక్కుంది. మా పనిలో ఎంత పెద్ద తప్పు చేసినా నిన్నటి కాపీ ఒకటి ఎక్కడో ఉంటుంది. రాత్రి రెండింటికి ప్రొడక్షన్ పడిపోయినా రోల్‌బ్యాక్ చేసి పడుకుంటాం. ఇత్తడికి నిన్నటి కాపీ లేదు. అరిగింది అరిగిందే.

తాత చేయించిన అచ్చు. మావయ్య దాన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "పోన్లే. పెద్దదాన్ని చిన్నది చేయడం కంసాలికి తెలుసు" అని సైకిలెక్కాడు. సాయంత్రానికి కమ్మచ్చు తెచ్చాడు. కంసాలులు బంగారం తీగ సాగదీసే ఉక్కు పలక అది. పెద్ద కన్నం నుంచి చిన్న కన్నం దాకా వరసగా ఉంటాయి. మా 4.85 గుండుకి నూనె రాసి, సరైన కన్నంలో పెట్టి, సుత్తితో నెమ్మదిగా తడితే అవతల నుంచి 4.62 బయటపడింది. మధ్యలో కాస్త నలిగి పొడుగైంది, మందుబిళ్ళలా. అచ్చు చిన్నది కాదు గానీ గుండు చిన్నదవుతుంది. నాలుగేళ్ళ ఇంజినీరింగ్‌కి తట్టనిది, యార్డులో బస్తాలు తూచే మనిషికి తట్టింది.

పెరట్లో దడికి ఒక బూర కట్టి పేల్చాం. టప్. అమ్మ లోపల్నుంచి తిట్టింది. మావయ్య ముఖంలో ఏడాది తర్వాత మొదటిసారి ఆ తిరునాళ్ళ నవ్వు చూశాను.

ఆ వారమంతా గుళ్ళు పోశాం. సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది, కుంపటి చాలు. పైన తేలే తెట్టెని గరిటెతో తీసి పక్కన పోసేవాళ్ళం. తడి తగలకూడదని మాత్రం మావయ్యకి గట్టి పట్టింపు. కరిగిన సీసంలో ఒక్క నీటిబొట్టు పడినా ఒక్కసారిగా ఆవిరై సీసాన్ని ముఖం మీదకి చిమ్ముతుంది. అందుకని నేను కళ్ళద్దాలు పెట్టుకున్నాను, చేతికి తొడుగులేసుకున్నాను. జాగ్రత్త అంటే కాలకుండా చూసుకోవడమే అనుకున్నాను. పొగ గురించి అడిగితే మావయ్య నవ్వాడు. "ధరణికోట రాజులే సీసంతో డబ్బులు కొట్టారంటగా, వాళ్ళకేమైందిరా?" అన్నాడు. డబ్బుల మాట నిజమే. మా పక్క ధరణికోటే శాతవాహనుల నాటి ధాన్యకటకం, వాళ్ళ సీసం నాణేలకి పేరు. వాళ్ళకేమైందో మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు.

సంక్రాంతికి వచ్చిన అక్క ఇంకా మా ఇంట్లోనే ఉంది. అక్క కొడుక్కి మూడున్నరేళ్ళు. వాడికి నేను మావయ్యని, ఆయన తాతయ్య. మేం ఏం చేస్తే వాడికి అదే ఆట. పోసిన గుళ్ళని చాటలో ఆరబెడితే, మిలమిలా మెరుస్తూ పంచదార పూసిన జీలకర్ర బిళ్ళల్లా ఉండేవి. ఓ మధ్యాహ్నం నేను కాల్‌లో ఉండగా అక్క అరుపు వినపడింది. వెళ్ళేసరికి వాడి పెదాల చుట్టూ బూడిదరంగు. "ఒకటి మింగాను మావయ్యా" అన్నాడు, ఘనకార్యంలా.

"సీసమా? ఏలూరులో వచ్చింది అదేగా!" అంది అమ్మ. నా కాళ్ళు అప్పుడు వణికాయి. అంతకు రెండు నెలల ముందే, 2020 డిసెంబరులో, ఏలూరులో వందలమంది ఉన్నట్టుండి మూర్ఛలొచ్చి పడిపోయారు. బాధితుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయని ఎయిమ్స్ పరీక్షల్లో తేలినట్టు టీవీలో చూశాం. తర్వాత నిపుణులు పురుగుమందుల వైపు వేలు చూపించారు, అది వేరే కథ. కానీ సీసం అన్న మాట ఆ రెండు నెలల్లో మా జిల్లాల్లో ప్రతి ఇంట్లోకీ వచ్చింది. మా ఇంట్లోకి మాత్రం నేనే చాటలో పోసి తెచ్చాను.

గుంటూరులో పిల్లల డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించింది. సీసం లోంచి ఎక్స్‌రే పోదు. వాడి బుజ్జి పొట్టలో తెల్లటి చుక్క, స్పష్టంగా. దాని కొలత నాకు తెలుసు. పదో వంతు కాదు, నూరో వంతు మిల్లీమీటరు దాకా తెలుసు. దాన్ని వాడి చేతికందకుండా ఎంత ఎత్తులో పెట్టాలన్నది మాత్రం కొలవలేదు.

"గుండు రేపో ఎల్లుండో దానంతటదే బయటికొస్తుంది. నా భయం దాని గురించి కాదు" అంది ఆమె. "వారంగా ఆ పొగలో, ఆ దుమ్ములో తిరుగుతున్నాడు కదా. చేతులు నోట్లో పెట్టుకుంటాడు కదా." అందరికీ రక్తపరీక్ష రాసింది.

గుండు రెండో రోజు వచ్చేసింది. రిపోర్టులు వారానికి వచ్చాయి. డెసిలీటరు రక్తంలో ఇన్ని మైక్రోగ్రాముల సీసం అని కొలుస్తారు. పిల్లల్లో 5 దాటితే పట్టించుకోవాలని అమెరికా సీడీసీ అప్పట్లో చెప్పేది. అదే ఏడాది అక్టోబరులో దాన్ని 3.5కి తగ్గించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట ఇంకా సూటిగా ఉంటుంది. ఇంతవరకు పర్లేదు అనదగ్గ సీసం మోతాదంటూ ఏదీ లేదని. ఎదిగే మెదడు మీద దాని దెబ్బ మళ్ళీ పూడదు.

బుడ్డోడిది 8.4. నాది 11. మావయ్యది 38.

డాక్టరమ్మ మావయ్య కాగితాన్ని రెండుసార్లు చూసింది. ఎన్నేళ్ళుగా చేస్తున్నారని అడిగింది. "ముప్పై ఏళ్ళమ్మా" అన్నాడు. కడుపునొప్పి ఉందా? ఉంది. మలబద్ధకం? ఉంది. కీళ్ళ నొప్పులు, నీరసం, ఊరికే విసుగు? అన్నీ ఉన్నాయి. ఇన్నాళ్ళూ యార్డులో మిర్చి ఘాటు వల్ల, వయసు వల్ల అనుకున్నాం. సీసం ఒంట్లోకి కాల్షియం వేషంలో వెళ్తుందని ఆమె చెప్పింది. రక్తంలోది కొన్ని నెలల్లో తగ్గుతుంది. ఎముకల్లో చేరింది మాత్రం ఏళ్ళకేళ్ళు అక్కడే కూర్చుని, కొంచెం కొంచెంగా మళ్ళీ రక్తంలోకి దిగుతుంటుంది. బుడ్డోడికి పాలు, ఆకుకూరలు, ఐరన్ మందు రాసింది. మావయ్యని పెద్ద డాక్టరు దగ్గరికి పంపింది. మందు ఒకటే, ఆపడం.

తిరుగు బస్సులో మావయ్య చాలాసేపు మాట్లాడలేదు. తాడికొండ దాటాక, "నాన్నకి చేతులు వణికేయి, గుర్తుందా?" అన్నాడు. గుర్తుంది. చివరి రోజుల్లో తాత టీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకునేవాడు. దానికీ ఈ సీసానికీ సంబంధం ఉందో లేదో ఇప్పుడు ఏ పరీక్షా చెప్పలేదు. మేమూ దాని గురించి మళ్ళీ మాట్లాడుకోలేదు.

ఇంటికెళ్ళగానే పెరడంతా తడిగుడ్డతో తుడిచాం. పొడిగా ఊడిస్తే దుమ్ము లేస్తుందని చెప్పారు. కుంపటి, గరిటె, చాట, తెట్టె, గుళ్ళు అన్నీ ఒక డబ్బాలో వేసి మూత బిగించాం. ఈసారి కొత్త తుపాకీ నేను కొన్నాను. మావయ్య ఏమీ అనలేదు. నెల నెలా ఐదొందలు ఫోన్‌పే చేస్తానన్నాడు, చేశాడు కూడా. ఒక్క నెలా తప్పలేదు. గుళ్ళు డబ్బాల్లో కొన్నాం. తొట్టిలో పడినవి తీసి కరిగించేది లేదని బుడ్డోడి తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు.

2021 మార్చి 11, శివరాత్రి. గాజుల కొట్లకి ఎదురుగా, ఎప్పటి చోటే. బల్ల పక్కన ఈసారి కొత్తగా ఒక బకెట్ నీళ్ళు, సబ్బు. తుపాకీ పట్టుకున్న ప్రతివాడూ, ముఖ్యంగా పిల్లలు, చేతులు కడుక్కున్నాకే పీచుమిఠాయి దగ్గరికి వెళ్ళాలని మావయ్య రూలు పెట్టాడు. జనమంతా కరోనా కోసం అనుకున్నారు. "ఈయన భలే జాగ్రత్తపరుడే" అన్నారు. మేం సరిదిద్దలేదు.

బుడ్డోడి అంకె ఆరు వారాలకి 5.6 అయింది, ఆర్నెల్లకి 2.9. ఇప్పుడు ఎక్కాలు అప్పజెబుతున్నాడు. ఎక్కడైనా తడబడితే అక్క మామూలుగానే ఉంటుంది, నాకే గుండె జారుతుంది. పిల్లలందరూ తడబడతారని నాకు తెలుసు. అయినా జారుతుంది. మావయ్యది 38 నుంచి 19కి దిగింది, అక్కడ ఆగింది. ఎముకలు మెల్లగా వదుల్తాయని డాక్టరు చెప్పాడు.

కరోనా పోయింది. బకెట్ మాత్రం అక్కడే ఉంది. మొన్న శివరాత్రికి ఎవరో కుర్రాడు, "ఇంకా ఏంటండీ ఈ చేతులు కడుక్కోవడం?" అని విసుక్కున్నాడు. మావయ్య సబ్బు వాడి చేతిలో పెట్టి, "కడుక్కోవయ్యా, మా అల్లుడు ఇంజినీరు, వాడు చెప్పాడు" అన్నాడు.